దవడ మీద రెండు వేళ్ళు

వేదపారాయణదారు ఉద్యోగానికి ఏం కావాలని అడిగితే గొంతు, ధారణ, నియమం అని చెబుతారు. ఉద్యోగంలో చేరేటప్పుడు నన్ను పరీక్షించిన పెద్దలు కూడా ఆ మూడే చూశారు. మెడ సంగతి ఎవరూ అడగలేదు. ఈ మధ్యనే ఈ కొలువులో చేరిన పిల్లలు కొందరు ఏదైనా రాయమన్నారు గనక, నా మెడ గురించీ, దాని వల్ల నేనూ నా పక్కన కూర్చున్న పెద్దాయనా పడిన భయం గురించీ రాస్తున్నాను.

కోనసీమలో ఒక దేవస్థానంలో మేమిద్దరం పారాయణదారులం. పొద్దున్నే అభిషేకం అయ్యాక ముఖమండపంలో స్వామికి ఎదురుగా కూర్చుని ఆ రోజు వంతు చదవాలి. ఆయన నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద, ఘనపాఠి. నేను అన్నయ్యగారూ అనేవాణ్ణి, ఆయన నన్ను ఏమోయ్ అనేవారు. ఆయన పీట నాకు ఎడమ పక్క. ఇది గుర్తుంచుకోండి. జరిగినదంతా ఆ ఎడమ పక్కనే జరిగింది.

మా పారాయణలో ఒక పద్ధతి ఉంది. ఒకరికి స్వరం జారితే పక్కవాడు ఆపడు, నోటితో చెప్పడు. సన్నిధిలో తప్పును తప్పని పలకడం కూడా అపచారమే. అందుకని తల తిప్పి ఒక్కసారి తప్పినవాడి వంక చూస్తాడు. అంతే. ఆ చూపు పడగానే తప్పినవాడు ఒక వాక్యం వెనక్కి వెళ్ళి మళ్ళీ సరిగ్గా అందుకుంటాడు. వినే భక్తులకు ఏమీ తెలియదు. ఇన్నేళ్ళలో పెద్దాయన నా వంక చాలాసార్లు చూశారు. నాకు ఆయన వంక చూడవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఒక కార్తికమాసంలో చదువుతుండగా నా తల ఎడమ పక్కకి లాగింది. నేను తిప్పలేదు. కుడి చెవి కింద కండరం బిగిసి, ఎవరో గడ్డం పట్టుకుని నెమ్మదిగా తిప్పుతున్నట్టు తిరిగింది. బలవంతంగా వెనక్కి తెచ్చుకున్నాను. వణికింది. మళ్ళీ తిరిగింది. పారాయణ అయ్యాక ఇంటికొచ్చి పడుకుంటే ఏమీ లేదు. లేచి నాలుగడుగులు వేయగానే మళ్ళీ అదే.

"ఎటు చూస్తున్నారండీ? గోడ మీద బల్లి గానీ ఉందా?" అంది మా ఆవిడ, అన్నం వడ్డిస్తూ.

"చలిగాలి పట్టేసినట్టుంది" అన్నాను.

చలి వెళ్ళిపోయింది, మెడ మాత్రం అలాగే ఉంది. అమలాపురంలో ఎముకల డాక్టరుకి చూపించుకుంటే అరుగుదల కావచ్చన్నారు, మెడకి పట్టీ ఇచ్చారు. అది ఇంట్లోనే పెట్టుకునేవాణ్ణి. పట్టీ బిగించినా లోపల మెడ తన పని తను చేసుకుపోతూనే ఉండేది. కోవెలకి మాత్రం తీసేసి వెళ్ళేవాణ్ణి. ఎందుకని మీరు అడగవచ్చు. భయం. ఆ భయానికి కారణాలు మీకు చెబితేనే అర్థమవుతాయి.

చిన్నప్పుడు పాఠం చెప్పేటప్పుడు గురువుగారు మా తల చేత్తో పట్టుకునేవారు. కింది స్వరానికి వంచి, పై స్వరానికి ఎత్తి, మధ్యస్వరానికి నిలిపి నేర్పేవారు. మా ఒంట్లోకి స్వరం మెడలోంచే దిగింది. కానీ పాఠం వచ్చాక ఆ ఊపు మానెయ్యాలి. పెద్దయ్యాక కూడా తల ఆడిస్తూ చదివేవాణ్ణి మావాళ్ళు అధమ పాఠకుల్లో లెక్కేస్తారు. స్వరం తప్పితే మంత్రం చదివినవాడినే కొడుతుందని కూడా మాకు ఆ వయసులోనే చెప్పారు. ఇది నేను నమ్మినవాణ్ణి, ఇప్పటికీ నమ్ముతాను. కాబట్టి నా తల దానంతట అది తిరుగుతూంటే, ఎక్కడో ఏదో వాక్యం తప్పు పలికాను, అది వచ్చి నన్ను పట్టుకుంది అనుకున్నాను. ఎక్కడ? ఏ వాక్యం? నడుస్తూ, తింటూ, స్నానం చేస్తూ చదువుకున్నదంతా వెనక్కి వెతుక్కునేవాణ్ణి. స్వామి వంక తిన్నగా చూసి అడుగుదామంటే తల ఆ ఒక్క వైపూ నిలిచేది కాదు. గర్భాలయం ఎదురుగా కూర్చుని దేవుడి మీద నుంచి ముఖం తిప్పుకునేవాణ్ణి. అంతకన్నా శిక్ష ఏముంటుంది?

ఇక ఉద్యోగం. ఒళ్ళు స్వాధీనంలో లేనివాడు సన్నిధిలో చదవొచ్చునా అని ఎవరైనా ఒక్క ప్రశ్న వేస్తే చాలు. నాకు వేరే విద్య లేదు. చదవడం మానేసిన రోజున నేనేమిటో నాకే తెలియదు.

మెడకి ఒక చిట్కా ఉందని తెలిసింది క్షౌరం రోజున. మా ఇంటికి ఎన్నో ఏళ్ళుగా వచ్చే అతను అరుగు మీద కూర్చోబెట్టి, గొంతు కింద కత్తి పెట్టాడు. సరిగ్గా అప్పుడే మెడ లాగింది.

"కదలకండయ్యగారూ" అన్నాడు.

"నేను కదలట్లేదు."

"మరెవరు కదులుతున్నారండీ? ఇక్కడున్నది మనిద్దరవేనండి."

మళ్ళీ లాగింది. కత్తి చర్మానికి ఆనుకుని ఉంది. చల్లగా తగిలింది. కళ్ళు మూసుకున్నాను. అతను కత్తి పక్కకి తీసి, తల నిలబెట్టడానికి దవడ కింద వేలు ఆనించాడు. గట్టిగా పట్టుకోలేదు, ఊరికే ఆనించాడు. నా మెడ తిన్నగా వచ్చి నిలబడింది. బిగిసిన తాడు ఎవరో వదిలేసినట్టు.

"అదుగో, ఇప్పుడు బుద్ధిగా ఉన్నారండి" అని పని కానిచ్చాడు. వేలు తీయగానే తల ఎడమకి వెళ్ళిపోయింది. అతను నా వంకా, నేను చూస్తున్న వైపూ చూశాడు. "ఆ పక్క ఏవన్నా కనబడతందాండీ?" అన్నాడు, ఈసారి నవ్వకుండా. అతనికీ భయం వేసింది.

ఆ తరువాత గదిలో ఒక్కణ్ణే కూర్చుని పరీక్షించుకున్నాను. నా వేలు నేను పెట్టుకున్నా ఆగేది. బలం అక్కరలేదు. ఎడమ దవడ మీద తగిలినా, కుడి దవడ మీద తగిలినా ఒకటే. ఒక్కోసారి వేలు ఇంకా తగలకుండానే, దగ్గరికి వస్తూండగానే మెడ దారికొచ్చేది. నాకు సంతోషం కలగలేదు. ఇంకా భయం వేసింది. జబ్బయితే వేలికి లొంగుతుందా? వేలికి లొంగేది ఏమిటి?

అయినా వాడుకున్నాను. పారాయణలో వేలు పెట్టుకుంటే బాగుండదు గనక ఉత్తరీయం కొస మడిచి దవడకి ఆనించుకునేవాణ్ణి. చెమట తుడుచుకుంటున్నట్టు ఉండేది. కొంతసేపు ఆగేది, చెయ్యి అలిసి దింపితే మళ్ళీ లాగేది. తల ఎడమకి తిరగడం, ఉత్తరీయం నోటి దగ్గరికి వెళ్ళడం, తల తిన్నగా రావడం. ఇలా నెట్టుకొచ్చాను.

ఎడమ పక్కన కూర్చున్న మనిషికి ఇది ఎలా కనబడి ఉంటుందో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు అర్థం కాలేదు. నా భయంలో నేనున్నాను.

నేను చూస్తున్నది ఏమిటంటే, పెద్దాయన మారిపోతున్నారు. చదివిన వాక్యమే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుతున్నారు. అది మొదటిసారి కూడా సరిగ్గానే ఉంది. రెండోసారి గొంతు తగ్గించి చదివేవారు, మూడోసారి ఇంకా తగ్గించి. వంతు పూర్తయ్యే సరికి ఎండ మండపంలోకి వచ్చేసేది. అంతకుముందు పారాయణ అయ్యాక ప్రసాదాల వంటశాల గుమ్మంలో నిలబడి వంటాయనతో నాలుగు ఛలోక్తులు విసిరితే గానీ ఇంటికి వెళ్ళేవారు కాదు. అవి మానేశారు. ఒకరోజు లేచి వెళ్ళిపోతూ, "ఏమోయ్, నవ్వొస్తే బయటికెళ్ళి నవ్వుకో. గుడ్డ అడ్డం పెట్టుకోవడం ఎందుకు?" అన్నారు.

నా చిట్కా కనిపెట్టేశారు, ఎగతాళి చేస్తున్నారు అనుకున్నాను. తల దించుకున్నాను. అది ఎడమకే దిగింది.

వాళ్ళావిడ ఒకరోజు మా ఆవిడతో అన్నదట: "మీ బావగారు ఇల్లంతా తిరుగుతూ చదువుతూనే ఉన్నారమ్మా. పీట మీద అన్నం చల్లారిపోతోంది. నా విద్య నన్ను వదిలిపోతోందే అంటారు. వైశాఖంలో వేదసభ అయిపోగానే కొలువు మానేస్తారుట." మా ఆవిడ ఇది చెబితే నేను జాలిపడ్డాను. ఆయనకీ ఏదో పట్టుకుందనుకున్నాను. ఆ ఏదో నేనేనని ఊహకి కూడా రాలేదు.

సభ వైశాఖంలో. దేవస్థానం ఏటా జరిపేది. చుట్టుపక్కల జిల్లాల నుంచి పండితులు వస్తారు. కల్యాణమండపంలో వేదిక, మైకులు, ముందు వరసలో ఈవోగారూ ధర్మకర్తలూ. ఆ యేడు ఘనపాఠం మా ఇద్దరికీ వచ్చింది. మాటల్ని ముందుకీ వెనక్కీ మడుస్తూ అల్లుకుపోవాలి. జంటగా చదివేటప్పుడు ఒకరు తడబడితే ఇద్దరూ పడిపోతారు.

ఆ ఉదయం స్వామికి దణ్ణం పెట్టుకుని ఒక్కటే అడిగాను. మెడ బాగుచేయమని కాదు. సభ అయ్యేదాకా తిన్నగా ఉంచమని.

వేదిక ఎక్కాం. నా ఎడమ పక్కన ఆయన. ముఖం పాలిపోయి ఉంది. నేను ఉత్తరీయం సర్దుకుని దవడకి ఆనించాను. మొదలుపెట్టక ముందే సభకి పెద్దగా కూర్చున్న పండితులొకాయన, "నాయనా, చెయ్యి దింపు. ముఖానికి గుడ్డ అడ్డం పెట్టుకుని చదవకూడదు" అన్నారు. ఆయన అన్నది సరైన మాటే. దింపి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.

మొదటి వాక్యం నిలిచింది. రెండోది సగంలో ఉండగా చెవి కింద బిగువు మొదలైంది. పళ్ళు బిగిద్దామంటే చదువుతున్న నోరు. భుజం ఎత్తి దవడకి తగిలించుకుందామని చూశాను, అందలేదు. తల కదిలింది. అంతమంది ముందు, గడియారం ముల్లులాగా నెమ్మదిగా ఎడమకి తిరిగి, పెద్దాయన ముఖం ఎదురుగా వచ్చి ఆగింది.

ఆయన నన్ను చూశారు. వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకున్నారు. నేనూ అందుకున్నాను. తల అక్కడే ఉంది. ఆయన మళ్ళీ వెనక్కి వెళ్ళారు. ఆయన కణతల మీద చెమట పట్టింది, పెదవులు తడారిపోతున్నాయి. అప్పుడు చూశాను ఆయన కళ్ళలోకి. అంత దగ్గరగా, అంతసేపు ఎప్పుడూ చూడలేదు. నేను ఇన్నాళ్ళుగా నా అద్దంలో చూసుకుంటున్న భయమే అక్కడ ఉంది.

ఆయన ఆపేశారు.

ఘనపాఠం మధ్యలో ఆపడం నేను అంతకుముందు వినలేదు. ముందు వరసలో విసనకర్రలు ఆగిపోయాయి. ఆయన నెమ్మదిగానే అన్నారు గానీ మైకు ఎదురుగా ఉంది, అందరికీ వినబడింది.

"ఏమోయ్, ఎక్కడ తప్పానో నోటితో చెప్పేయవయ్యా. ఆర్నెల్లుగా చూస్తున్నావు. నాకు తెలియట్లేదు."

అప్పటికి గానీ నాకు వెలగలేదు. ఆ చూపులన్నీ, ఆ ఉత్తరీయమంతా, ఆయన వెనక్కి వెళ్ళిన ఒక్కొక్క వాక్యమూ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి.

"మీరు తప్పలేదండీ" అన్నాను. మళ్ళీ అన్నాను. "మీరు ఒక్క స్వరం తప్పలేదు అన్నయ్యగారూ. నేను చూడలేదు. నా మెడే తిరుగుతోంది."

ఆయనకి నమ్మకం కుదరలేదు. చిన్నపిల్లాడిని ఊరడించినట్టు చెబుతున్నాననుకున్నారు. అందుకని చూపించాను. దవడ మీద వేలు పెట్టాను, తల తిన్నగా వచ్చింది. వేలు తీశాను, ఆయన వైపు తిరిగింది. మళ్ళీ పెట్టాను. అందరి ముందూ తీసి పెట్టి, తీసి పెట్టి చూపించాను. సిగ్గు అప్పటికి దాటిపోయింది. వెనక వరసలో ఎవరో, తల ఆడించేవాడు అధముడు అన్న మాట గొణిగారు. ఇంకెవరో, గాలి సోకిందేమో అన్నారు. రెండూ వినబడ్డాయి. ఆ రెండూ నేను ఎన్నోసార్లు నాకే చెప్పుకున్నవి.

పెద్దాయన నా మెడ వంక చాలాసేపు చూశారు. తరువాత పీట జరుపుకుని నా దగ్గరికి వచ్చి, కుడిచెయ్యి చాపి రెండు వేళ్ళు నా దవడ కింద ఆనించారు.

"మీ గురువుగారు తల పట్టుకుని చెప్పేవారా నీకు?"

"చెప్పేవారండి."

"అయితే ఇప్పుడు కొత్తగా సిగ్గెందుకు? అందుకో."

మొదటి నుంచి మొదలుపెట్టాం. ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి, వణుకుతున్నాయి. నా మెడ వణకలేదు. ముగింపు దాకా ఆయన ఒక్కసారి కూడా వెనక్కి వెళ్ళలేదు. సభ పెద్దలు అడ్డు చెప్పలేదు. చదివినంతసేపూ సభకి స్వామి ఉత్సవమూర్తిని వేంచేపు చేసిన పల్లకీ నాకు తిన్నగా ఎదురుగా కనబడింది. అన్ని నెలల తరువాత.

ఆయన వేళ్ళు తీశారు. నా తల ఎడమకి తిరిగింది. అద్భుతమేదో జరిగిందని సభలో అనుకున్నవాళ్ళు ఉంటే, అది అంతవరకే.

ఆ వారంలోనే ఆయన నన్ను బస్సెక్కించి కాకినాడ తీసుకెళ్ళారు. నరాల డాక్టరు ఒక అమ్మాయి. నేను మెడ సంగతి సగం చెప్పగానే, "చెయ్యి పెడితే ఆగుతోందాండి?" అని తనే అడిగింది. ఆమెకెలా తెలుసు? నవ్వి, "ఈ జబ్బుకి అదే పెద్ద గుర్తండి. కొందరికి గడ్డం మీద, కొందరికి తల వెనకాల. మెదడు కండరానికి పంపే కబురు దారి తప్పుతుంది. స్పర్శ తగిలితే కాసేపు సర్దుకుంటుంది. ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు" అంది. జబ్బు పేరు డిస్టోనియా అని చెప్పింది.

"స్వరదోషం వల్ల రాదా?" అని అడిగాను. ఆమెకి ప్రశ్న అర్థం కాలేదు. పెద్దాయనకి అర్థమైంది. "అలా అయితే ముందు నాకు రావాలి కదుటోయ్, నీకన్నా ఎక్కువ చదివాను" అన్నారు.

మందుగా మెడలో ఇంజెక్షన్లు ఇస్తారుట. కొన్ని నెలలు పనిచేస్తాయి, మళ్ళీ చేయించుకోవాలి. కొందరికి కొన్నాళ్ళు మింగడం కష్టం కావచ్చు, గొంతు కొంచెం తగ్గవచ్చు అని కూడా చెప్పింది. నేను కుర్చీలోంచి లేచిపోయాను. మెడ పోతే పోనీ గానీ గొంతా?

"కూర్చోవోయ్" అన్నారు పెద్దాయన. "గొంతు పోతే నేను చదువుతాను, నువ్వు తల తిప్పుదువు గాని. జీతం ఇద్దరికీ ఇస్తారు."

చేయించుకున్నాను. గొంతు కొన్నాళ్ళు గరగరమంది, తిరిగొచ్చింది. మెడ చాలావరకు తగ్గింది, పూర్తిగా కాదు. మిగతాది వేళ్ళతో సరిపెట్టుకున్నాం. రాజీనామా మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఈవోగారు ఏమంటారో అని భయపడ్డాను గానీ ఆయన అడిగింది ఒక్కటే: పీటల చోటు మార్చుకోకూడదా అని. పెద్దాయన ఒప్పుకోలేదు. "అటు తిరిగితే గోడని చూస్తాడండి. నన్ను చూస్తే నష్టమేముంది?" అన్నారు.

కొత్త పిల్లలకి నేను చెప్పగలిగింది ఇది. మన నియమాల్లో దేన్నీ నేను తేలిక చేయను. కానీ పక్కవాడు మీ వంక చూస్తే, తప్పెక్కడో వెతుక్కునే ముందు ఆయన మెడ ఎలా ఉందో అడగండి. నోటితో అడగండి. సన్నిధిలో కాకపోతే వంటశాల గుమ్మంలోనైనా.

ఇప్పుడు ఇద్దరం రిటైరయ్యాం. ఆయన కొవ్వూరులో ఉంటారు, నేను ఇవతల రాజమండ్రిలో. మధ్యలో గోదావరి. రోజూ పొద్దున్న సంధ్యావందనం అయ్యాక ఆయన ఫోను చేస్తారు. వేదంలో యాభై పదాల ముక్కని పనస అంటాం. ఒక పనస ఆయన, ఒక పనస నేను. వంతులవారీగా చదువుకుంటాం. ఫోను చెంపకి ఆనించుకోగానే నా తల తిన్నగా నిలబడుతుంది. ఆ సంగతి ఆయనకి చెబితే, "మరి బిల్లు నువ్వు కట్టాలోయ్" అన్నారు.

ఈ మధ్య ఆయన నిజంగానే తప్పుతున్నారు. ఒక్కొక్క మాట జారిపోతోంది. తల తిప్పి చూడటానికి నేను పక్కన లేను. ఉన్నా చూడను. నా వంతు వచ్చినప్పుడు ఆ వాక్యాన్ని కలుపుకుని వెనక నుంచి అందుకుంటాను. ఆయనకి తెలుస్తుందో లేదో.

వేళ్ళు ఇదివరకంత పనిచేయడం లేదు. కొందరికి కాలం గడిచేకొద్దీ చిట్కా బలం తగ్గిపోతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఫోను మాత్రం ఇంకా పనిచేస్తోంది. సంధ్య వార్చి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. తల ఎడమకి తిరిగి ఉంటుంది, అటు ఖాళీ పీట ఉంటుంది. ఫోను మోగడం ఒక్క క్షణం ఆలస్యమైతే అరచేతులు తడిసిపోతాయి. డాక్టరమ్మ లెక్క ప్రకారం అవతల మనిషి ఉండనక్కరలేదు, చెంపకి తగిలితే చాలు. అది నిజమే కావచ్చు. కానీ మోగని ఫోను తీసి చెంపకి ఆనించి చూసే ధైర్యం నాకు ఇంతవరకూ రాలేదు.